ప్రాచీన చైనీయులపై ఒక ఫిర్యాదు

మనసు వేరు, దేహం వేరు అన్న దురభిప్రాయం పాశ్చాత్యులకే పరిమితమనీ, దానికి మూలపురుషుడు 17వ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ అనీ, ప్రాచీన చైనాలో మాత్రం ఆ రెండూ పాలూ నీళ్లలా కలిసిపోయి ఉండేవనీ పలువురు విద్వాంసులు ఏనాడో తీర్మానించారు. వారాంతపు ధ్యాన శిబిరాల రుసుములను సైతం మోస్తున్న ఇంతటి సిద్ధాంతాన్ని ఆ చైనీయులే అడుగడుగునా ధిక్కరించారని తెలిసి ఈ వ్యాసకర్త తీవ్ర మనస్తాపానికి గురయ్యాడు. (దేహానికీ తాపం తగిలే ఉంటుంది; విడదీసి చెప్పడం సిద్ధాంతరీత్యా నేరం.)

మొదటి ముద్దాయి క్రీ.పూ. 4వ శతాబ్దపు కన్ఫ్యూషియన్ తత్త్వవేత్త మెన్షియస్. ఆలోచించడం కళ్ల పనీ కాదు, చెవుల పనీ కాదు, అది హృదయం (ప్రాచీన చైనీయులకు మనసు కూడా అదే) పని అని ఆయన ఉద్యోగాలు పంచిపెట్టాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఉంగరపు వేలు వంకరపోయి చాపడానికి రాకపోతే, నొప్పి లేకున్నా, పనికి అడ్డు రాకున్నా, దాన్ని సరిచేసేవాడు ఉన్నాడని వింటే చాలు, జనం చిన్, చూ రాజ్యాల మధ్య దూరాన్ని కూడా లెక్కచేయరనీ, మనసు బాగాలేనందుకు మాత్రం బాధపడరనీ దెప్పిపొడిచాడు. రెండూ ఒకటే అయినప్పుడు వేలికి కట్టిన కట్టుతో మనసు కూడా తిన్నగా అయిపోవాలి కదా! తరువాత వచ్చిన మరో కన్ఫ్యూషియన్ తత్త్వవేత్త షూన్‌జి మరీ బరితెగించి, హృదయం దేహానికి రాజు, ఆజ్ఞలు ఇస్తుందే తప్ప పుచ్చుకోదు అని రాసిపెట్టాడు.

అందరికన్నా ఎక్కువ ఆశలు పెట్టుకున్నది దావో తత్త్వవేత్త జువాంగ్‌జి మీద. ఆయన పేరిట నిలిచిన గ్రంథంలో ఒక పంది చచ్చిపోతుంది. పిల్లలు అది తెలియక పాలు తాగుతూనే ఉంటాయి; కాసేపటికి బెదిరి, తల్లిని వదిలేసి పారిపోతాయి. అవి ప్రేమించింది తల్లి ఆకారాన్ని కాదు, ఆ ఆకారాన్ని కదిలించినదాన్ని అని అక్కడ వ్యాఖ్యానం. అదీ ఎవరి నోట? సాక్షాత్తూ కన్ఫ్యూషియస్ నోట! డెకార్ట్ పుట్టడానికి సుమారు రెండు వేల ఏళ్ల ముందు, చైనా పంది పిల్లలకు ఈ తేడా ఎవరు నూరిపోశారో విచారణ జరగాలి.

ఈ పుండు మీద కారం చల్లినవాడు ప్రాచీన చైనా తత్త్వాన్ని పరిశోధించే పండితుడు ఎడ్వర్డ్ స్లింగర్లాండ్. ప్రాచీన గ్రంథాలలో హృదయం ప్రస్తావనకు వచ్చిన భాగాలను ఏరి, ఒక్కొక్కదానిలో హృదయానికీ దేహానికీ ఉన్న సంబంధం ఏమిటో పలువురిచేత విడివిడిగా గుర్తింపజేసి, హృదయాన్ని దేహానికి ఎదురుగా నిలబెట్టడం అక్కడ మామూలేనని 2011లో తేల్చాడు. నచ్చిన నాలుగు వాక్యాలు ఏరుకుని నాగరికత మొత్తానికీ అంటగట్టే సనాతన పద్ధతి ఉండగా, కూర్చుని లెక్కపెట్టడమేమిటి? పైగా ఇది డెకార్ట్ చెప్పిన కచ్చితమైన విభజన కాదనీ, ఆలోచించే ఆ హృదయం ఛాతీలో కొట్టుకునే గుండె కూడాననీ, సరిహద్దు మసకగానే ఉందనీ ఆయనే ఒప్పుకుంటాడు. అటూ ఇటూ కాని మనిషితో వాదన పెట్టుకోవడం మహా కష్టం. మనసును, దేహాన్ని వేరుగా చూడడం మనిషికి పసితనం నుంచే సహజమని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బ్లూమ్ వాదించాడు గనుక, సిద్ధాంతం నెగ్గాలంటే ఉయ్యాలల దగ్గరా కాపలా పెట్టవలసి వస్తుంది.

చివరి ముద్దాయి హాన్ రాజవంశ కాలపు దై ప్రభుపత్ని. 1972లో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయిలో బయటపడిన ఆమె కళేబరం రెండు వేల ఏళ్లు దాటినా కీళ్లు వంగేటంత మెత్తగా, కడుపులో ఖర్బూజా గింజలతో సహా నిలిచి ఉంది. దేహాన్ని అంత భద్రంగా కాపాడినవారే, శవపేటిక మీద పరిచిన పట్టు పతాకంలో ఆమెను పైలోకాలకు ప్రయాణం కట్టించారని చాలామంది పండితుల అభిప్రాయం. పక్కనే లక్క పూత పళ్లెరాలలో భోజనం కూడా వడ్డించి ఉంచారు. ఆ భోజనం పేటికలో ఉన్నామె కోసమా, ప్రయాణంలో ఉన్నామె కోసమా అన్నది సిద్ధాంతకర్తలు లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.