మర్చిపోతేనే మళ్లీ ప్రేమా? ‘మెజోన్ ఇక్కోకు’ మీద తిరుగుతున్న మాట గురించి

పాత అనిమేలు (జపాన్ కార్టూన్ సీరియళ్లు) చూసేవాళ్ల మధ్య ‘మెజోన్ ఇక్కోకు’ గురించి ఒక మాట తెగ తిరుగుతోంది. "భర్త పోయిన అమ్మాయి ఆయన్ని మర్చిపోయి ఒక కుర్రాణ్ని చేసుకోవడమే కథ. పది ఎపిసోడ్లలో తేలే విషయాన్ని 96 ఎపిసోడ్లు సాగదీశారు. అయినా జపాన్‌లో రెండో పెళ్లి ఎవరికీ పట్టదు, ఇలాంటి కథ మన దగ్గర కుదరదు." మూడూ తప్పే. రెండో దాంట్లో మాత్రం ఆవగింజంత నిజం ఉంది.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. టోక్యోలో ఇక్కోకుకాన్ అని ఒక పాత చెక్క ఇల్లు. అందులో అద్దెకుండే గొదాయ్ యూనివర్సిటీ ఎంట్రన్స్ తప్పి, మన లాంగ్ టర్మ్ బ్యాచ్ పిల్లల్లాగే మళ్లీ చదువుతుంటాడు. ఆ ఇంటికి కొత్త మేనేజర్‌గా వచ్చిన క్యోకోను చూసి మనసు పారేసుకుంటాడు. ఆమె హైస్కూల్లో తనకు పాఠం చెప్పిన సోయిచిరో మాస్టారిని ప్రేమించి పెళ్లి చేసుకుంది. ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. రుమికో తకహషి దీన్ని 1980 నుంచి 1987 దాకా మాంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా గీశారు. అనిమే 1986లో మొదలై 1988 మార్చిలో ముగిసింది.

ఆమె భర్తను మర్చిపోయిందట. ఆ ఇంట్లో ఒక పెద్ద తెల్ల కుక్క ఉంది. మాస్టారు బతికున్న రోజుల్లో ఆయన వెంటపడి ఇంటిదాకా వచ్చేసింది. షిరో అని పేరు పెడితే అది పలకలేదు. క్యోకో భర్తను "సోయిచిరో గారూ" అని పిలిస్తే మాత్రం తోక ఊపుకుంటూ ఇది వచ్చేది. ఆయన పోయాక ఆ పిలుపు కుక్కకే మిగిలింది. రోజూ తిండి గిన్నె పెడుతూ పోయిన మొగుడి పేరు పెట్టి పిలిచే మనిషి ఆయన్ని మర్చిపోయిందంటే, అన్నవాళ్లు ఒక్క ఎపిసోడైనా చూశారా అని నా అనుమానం. గొదాయ్ కూడా ఆ కుక్కను అదే పేరుతో పిలుస్తాడు, దాన్ని షికారుకూ తిప్పుతాడు. అతనికి పోటీగా వచ్చే టెన్నిస్ కోచ్ మితాకకు అందం, డబ్బు, కారు అన్నీ ఉన్నాయి. కుక్కలంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. నవ్వు కోసం పెట్టిందే అనుకోండి, కానీ ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే ముందు సోయిచిరోతో సర్దుకుపోవాలి మరి.

సోయిచిరో మాస్టారి ముఖం మనకు ఎక్కడా సరిగ్గా చూపించరు. ఫొటోల్లోనూ నీడే. "చూశారా, ఆయన్ని చెరిపేశారు" అంటారు కొందరు. నాకు తిరగేసి అనిపిస్తుంది. ముఖం కనిపిస్తే గొదాయ్ పోల్చుకునేవాడు, వంకలు పెట్టేవాడు, ఏదో ఒకరోజు గెలిచానని కూడా అనుకునేవాడు. ముఖమే లేనివాడితో ఎలా పోటీ పడతాడు?

అసలు జవాబు చివర్లో, సమాధి దగ్గర ఉంది. పెళ్లి కుదిరాక గొదాయ్ ఒక్కడే అక్కడికి వెళ్లి పోయినాయనతో మాట్లాడతాడు. నేను ఆమెను చూసిన మొదటి రోజు నుంచీ మీరు ఆమెలో ఉన్నారు, అలాంటి ఆమెనే నేను ఇష్టపడ్డాను, కాబట్టి మిమ్మల్నీ కలుపుకునే ఆమెను చేసుకుంటాను అని దాని సారం. ఆ మాటలు క్యోకో చెవిన పడతాయి. ఇందులో మర్చిపోవడం ఎక్కడుంది? పెళ్లికి ఒప్పుకునేటప్పుడు ఆమె కోరింది కూడా ఒక్కటే: నాకంటే ఒక్కరోజైనా ఎక్కువ బతకాలి. ఒకసారి పోగొట్టుకున్నదేమిటో బాగా గుర్తున్న మనిషి తప్ప ఇంకెవరూ ఆ కోరిక కోరరు.

ఇక సాగదీత. పక్కగదుల వాళ్లు సీసాలు పట్టుకుని గొదాయ్ గదిలో దిగడం, పక్క గది యొత్సుయా గోడకు కన్నం పెట్టుకుని మరీ వచ్చిపోవడం, అపార్థాల మీద అపార్థాలు... మధ్యలో కొన్ని ఎపిసోడ్లు తీసేసినా నష్టం లేదు, నిజమే. కానీ పదికి కుదిస్తే కథే ఉండదు. గొదాయ్ కాలేజీలో చేరాలి, చదువు ముగించాలి, ఉద్యోగం దొరక్క క్యాబరేలో పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకోవాలి, అలా చూసుకుంటూ చూసుకుంటూ నర్సరీ టీచర్ కావాలి. ఇన్నేళ్లూ క్యోకో ఆ ఇంటి ముందు చీపురు పట్టుకుని ఊడుస్తూనే ఉంటుంది. మాంగా నడిచిన ఏళ్లూ కథలో గడిచిన ఏళ్లూ ఇంచుమించు ఒకటే, పాత్రలతో పాటు చదివేవాళ్లకీ వయసొచ్చింది. దుఃఖం తగ్గే వేగం అంతే ఉంటుంది, టైంటేబుల్ వేస్తే తగ్గదు.

జపాన్‌లో ఎవరికీ పట్టదనేది మరీ విడ్డూరం. ఈ కథ రోజుల్లో అక్కడి సివిల్ కోడ్ ప్రకారం భర్త పోయినా, విడాకులైనా ఆడది ఆరు నెలలు ఆగాకే మళ్లీ పెళ్లి చేసుకోవాలి. మగాడికి అలాంటి గడువేమీ లేదు. 2016లో దాన్ని 100 రోజులకు తగ్గించారు, 2024 ఏప్రిల్‌లో ఎత్తేశారు. పైగా విడాకులతో తెగే అత్తింటి చుట్టరికం భర్త చావుతో తెగదు, తెంచుకోవాలంటే ఆమె విడిగా కాగితం పెట్టుకోవాలి. కథలో గొడవ కూడా అదే. పుట్టింటి వాళ్లు ఒతొనాషి అనే ఇంటిపేరు వదిలేయమని వెంటపడతారు, ఆమె వదలదు. మళ్లీ పెళ్లి చేసుకోమ్మా అని చెప్పేది మామగారు, కొడుకును పోగొట్టుకున్న మనిషి.

మన దగ్గర కుదరదా? కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించారు. దానికి 25 ఏళ్ల ముందే, 1856లో, వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చనే చట్టం వచ్చింది. అయితే అందులో ఒక మెలిక ఉంది: మళ్లీ పెళ్లి చేసుకున్న ఆమె మొదటి భర్త ఆస్తి విషయంలో అప్పుడే చనిపోయినట్టు లెక్క. ఆ చట్టాన్ని పుస్తకాల్లోంచి తీసేసింది 1983లో. అప్పటికి గొదాయ్ ఇంకా కాలేజీలోనే ఉన్నాడు.