తలకిందుల వైద్యం

మా ఇంట్లో కలబందకు రెండు శాఖలున్నాయి. బాల్కనీ కుండీలోది ఆరోగ్య శాఖ. సింహద్వారం పైన వేళ్లు ఆకాశానికీ ఆకులు నేలకూ చూపుతూ ఎర్రదారంతో వేలాడేది రక్షణ శాఖ. మొదటిదాన్ని మా అమ్మాయి జుట్టుకూ ముఖానికీ రాసి రాసి మొదలంటా కరగదీసింది. రెండోదానికి మా అమ్మ మొన్నటి అమావాస్యనాడు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నా చేతనే కట్టించింది. మట్టీ నీళ్లూ లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండే ఈ మొక్క వచ్చేపోయేవాళ్ల దిష్టి తిని బతుకుతుందని ఆమె సిద్ధాంతం. పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాకే తెరిచి, దాచుకున్న నీటిని పిసినారిలా వాడుకుంటుందని నేను చెప్పబోతే, "ఆ పొదుపు నీకుంటే ఇల్లు బాగుపడేదిరా" అంది.

పోయిన ఆదివారం పెసరట్టు తిరగేస్తానని ఉత్సాహపడి పెనం అంచు పట్టుకున్నాను. చెయ్యి కుళాయి కింద పెట్టమని మా ఆవిడ అరిచింది. ఆ మాట విని ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆరోగ్య శాఖ ఖాళీగా ఉండటంతో నేను కూరగాయల చాకు పట్టుకుని, రక్షణ శాఖ కింద స్టూలు వేసుకుని ఎక్కాను.

కలబంద తోలుకూ గుజ్జుకూ నడుమ పసుపుపచ్చని చేదు రసం ఒకటి ఉంటుంది. తెలిసినవాళ్లు కోసిన మట్టను కాసేపు నిలబెట్టి, ఆ రసం కారిపోయాకే గుజ్జు తీస్తారు. నేనేమో మట్ట కోసీ కోయగానే కాలిన వేలికి పులుముకుని, చురుక్కుమనగానే చిన్నపిల్లాడిలా వేలు నోట్లో పెట్టుకున్నాను. ఆ చేదు నాలుక మీద నుంచి నడినెత్తికి ఎక్కింది. "నీకు పాలు మాన్పించింది దానితోనేరా" అని అమ్మ లోపలి నుంచి గుర్తుచేసింది.

అంతటితో పోయేదే కానీ, మొక్క తలకిందులుగా ఉంది కనుక కోసిన చోటు నుంచి రసం బొట్లు బొట్లుగా కిందికి దిగింది. కింద, ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీతో, పసుపు అద్దిన శుభలేఖ చేత పట్టుకుని మా బాబాయి నిలబడి ఉన్నాడు. "పైనేం చేస్తున్నావురా?" అని ఆయన తలెత్తగానే నేను ఉలిక్కిపడ్డాను. చాకు దారానికి తగిలింది. మొక్క ఆయన భుజం మీద ఒకసారి ఆగి, శుభలేఖ మీద స్థిరపడింది.

పరుగున వచ్చిన అమ్మ నన్ను చూడలేదు, బాబాయినీ చూడలేదు. "ఎంత దిష్టి ఉంటే తెగిపడిందో!" అని మొక్కకు దండం పెట్టింది. చాకు సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. అయినా ఆమె శాస్త్రంలో మొక్క ఎండితే దిష్టి లాగేసినట్టు, చిగురిస్తే ఇంటికి కలిసివచ్చినట్టు, పడితే గండం తప్పినట్టు. ఓడిపోయే దారే లేదు. అయితే ఊరందరి దిష్టీ తాగిన మట్టను నేను వేలికి రాసుకున్నానని తెలియగానే ఆమె ముఖం పాలిపోయింది. నాకూ, పనిలో పనిగా బాబాయికీ ఉప్పూ ఎండుమిరపకాయలూ కలిపి దిగతుడిచింది.

బాబాయి లాల్చీ మీద మరకలు భోజనాల వేళకు గోధుమరంగుకు తిరిగాయి. మా ఆవిడ సబ్బు, నిమ్మకాయ, వంటసోడా ప్రయోగించాక అవి ఇంకాస్త వెడల్పయ్యాయి. చివరికి ఆయన నా కొత్త చొక్కా తొడుక్కుని, మిగతా శుభలేఖలు పంచడానికి వెళ్లాడు.

కిందపడిన మొక్కను అమ్మ బాల్కనీ కుండీలో నాటించింది. గుమ్మానికి కొత్తది వచ్చింది. ఈసారి స్టూలెక్కినా అందనంత ఎత్తున. వంటింటి గట్టు మీద మా ఆవిడ ఒక బర్నాల్ గొట్టం పెట్టింది.