గ్రీస్ ఫియర్డ్ నుంచి కానాక్‌కు అరగంట కాదు

ఆర్కిటిక్‌లోని రెండు మారుమూల విమానాశ్రయాల పేర్లు ఇవ్వగానే దూరం ఇంత, సమయం ఇంత అని తేల్చేసే లెక్కల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి దక్షిణ తీరాన గ్రీస్ ఫియర్డ్ ఉంది, గ్రీన్‌ల్యాండ్ వాయవ్య తీరాన కానాక్ ఉంది. భూగోళం మీద అతి దగ్గరి దారిన కొలిస్తే ఈ రెండింటి మధ్య సుమారు 360 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల జెట్ వేగంతో దాన్ని భాగిస్తే అరగంట కూడా రాదు. భాగహారంలో తప్పు లేదు, కానీ అరగంటలో అక్కడికి చేరగలిగే మనిషి లేడు.

గ్రీస్ ఫియర్డ్‌లో ఉన్నది కొండల పక్కన 600 మీటర్లకు కాస్త తక్కువ పొడవున్న కంకర రన్‌వే. దాని మీద జెట్ దిగదు. ట్విన్ ఆటర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం దిగుతుంది. అదే నేరుగా కానాక్‌కు ఎగిరితే గంటన్నరలోపు చేరుతుంది, అయితే అలా షెడ్యూల్ ప్రకారం నడిచే సర్వీసు లేదు. ఊరివాళ్లు ముందుగా నైరుతి దిక్కున ఉన్న రిజల్యూట్‌కు, అక్కడి నుంచి దక్షిణాన, కెనడాలోని నూనావుత్ ప్రాంత రాజధాని ఇకాలూయిత్‌కు వెళ్లాలి. ఆపైన సముద్రం దాటి గ్రీన్‌ల్యాండ్ రాజధాని నూక్, అక్కడి ఇలులిసాత్ పట్టణం మీదుగా మళ్లీ ఉత్తరానికి ఎక్కిరావాలి. ఒక్కొక్క అంచె దూరం కూడితే 4,400 కిలోమీటర్లు దాటుతుంది. అది కూడా ఇకాలూయిత్–నూక్ విమానం నడిచే రోజుల్లోనే. 2024 వేసవిలో అది వారానికి ఒక్కసారే నడిచింది. అది లేనప్పుడు కెనడా దక్షిణ నగరాలకు దిగి, ఐస్‌ల్యాండ్ మీదుగానో కోపెన్‌హాగెన్ మీదుగానో చుట్టి రావాలి. దారిలో పొగమంచో మంచుతుపానో పట్టుకుంటే ఎక్కడ ఎన్ని రోజులు ఆగాలో ముందుగా చెప్పగలిగేవారు ఉండరు.

నన్ను ఎక్కువగా బాధించేది ఈ రెండు ఊళ్ల పుట్టుక. 1953లో కెనడా ప్రభుత్వం క్యూబెక్ ఉత్తరాన ఉన్న ఇనుక్‌జువాక్ నుంచి ఆర్కిటిక్ ఆదివాసులైన ఇనూయిట్ కుటుంబాలను దాదాపు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తెచ్చి ఎల్స్‌మియర్ తీరాన దింపింది. సరిగ్గా అదే ఏడాది అవతలి ఒడ్డున, అమెరికా వైమానిక స్థావరం కోసం గ్రీన్‌ల్యాండ్‌ను పాలించే డెన్మార్క్, వాయవ్య గ్రీన్‌ల్యాండ్ ఇనూయిట్‌లైన ఇనూగ్విట్ కుటుంబాలను వాళ్ల ఊరి నుంచి కదిలించి కానాక్‌కు పంపింది. డెన్మార్క్ 1999లో, కెనడా 2010లో క్షమాపణ చెప్పాయి. అంతకు చాలా ముందు, 19వ శతాబ్దంలో, కిత్‌లార్సువాక్ అనే షామన్ (ఇనూయిట్‌ల మంత్రవైద్యుడు) తన వెంట వచ్చినవారితో బాఫిన్ దీవి వైపు నుంచి కుక్కల బండ్ల మీద మంచు దాటి గ్రీన్‌ల్యాండ్ చేరాడు. విమానాలు లేని కాలంలో ఏళ్లు పట్టినా నేరుగా సాగిన ఆ దారి, విమానాలు వచ్చాక రాజధానుల చుట్టూ తిరగవలసి వస్తోంది. కెనడాకు, గ్రీన్‌ల్యాండ్‌కు మధ్య ఉన్న జలసంధికి ఇరువైపులా ఉన్న బంధువులు స్వేచ్ఛగా రాకపోకలు సాగించే వీలు కల్పించాలని 2017లో ఇనూయిట్‌ల కమిషన్ కోరింది కూడా.

అందుకే ఇలాంటి ఊళ్ల మధ్య దూరం చెప్పేవారు ముందుగా ‘నేరుగా విమానం లేదు’ అని రాయాలని, ఆ తర్వాతే ఎన్నిచోట్ల దిగి ఎక్కాలో, ఏ అంచె వారానికి ఎన్నిసార్లు నడుస్తుందో చూపాలని నా వాదన. 2022లో కెనడా, డెన్మార్క్ తమ మధ్య ఉన్న తార్తుపాలుక్ అనే చిన్న రాతిదీవిని పంచుకుని నేల మీద సరిహద్దు గీసుకోగలిగాయి. అంత సయోధ్య ఉన్న రెండు దేశాలు ఈ రెండు ఊళ్ల మధ్య నెలకొకసారైనా ఒక ట్విన్ ఆటర్‌ను నడపాలి.