జీతం లేని కాపలా ఎంతకాలం?

2018 డిసెంబరులో నెటాటాక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక భద్రతా లోపాన్ని సరిచేశారు. పాస్‌వర్డ్ లేకపోయినా నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌ను చేజిక్కించుకోవడానికి వీలిచ్చే లోపమది. దాన్ని సైబర్ భద్రతా సంస్థ టెనబుల్ పరిశోధకుడు కనిపెట్టేనాటికి అది ఆ కోడ్‌లో చేరి 18 ఏళ్లయింది.

నెటాటాక్ పేరు విననివారే ఎక్కువ. యాపిల్ మ్యాక్ కంప్యూటర్లు యూనిక్స్ రకం సర్వర్లలోని ఫైళ్లను సొంత డిస్క్‌లో ఉన్నట్టే తెరుచుకునేందుకు 1990 ప్రాంతంలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిందిది. తర్వాత జీతం లేని వలంటీర్లు నిర్వహించే, ఎవరైనా ఉచితంగా వాడుకునే కోడ్‌గా కొనసాగింది. సినాలజీ, క్యూనాప్, వెస్టర్న్ డిజిటల్ వంటి కంపెనీలు అమ్మే స్టోరేజ్ పెట్టెల్లోకీ చేరింది. ఫొటో స్టూడియోలు, ఆడిటర్ల ఆఫీసులు తమ ఫైళ్లన్నీ దాచుకునేది ఇలాంటి పెట్టెల్లోనే. కొన్నవారిలో ఎంతమందికి లోపల ఏముందో తెలుసు?

2021 నవంబరులో జరిగిన ఒక హ్యాకింగ్ పోటీలో వెస్టర్న్ డిజిటల్ పెట్టెను నెటాటాక్ ద్వారానే లొంగదీశారు. 2022 జనవరిలో ఆ కంపెనీ తన పెట్టెల్లోంచి ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేసింది. ఆ ఏడాది మార్చిలో వలంటీర్లు సవరించిన వెర్షన్ విడుదల చేశారు. కస్టమర్లను కాపాడుకోవడానికి తీసేయడం తప్పని మేం అనడం లేదు. కానీ ఆ కోడ్‌ను పెట్టెలో పెట్టి అమ్ముకున్న కాలంలో దాన్ని తనిఖీ చేయాల్సిన బాధ్యత కంపెనీలకూ ఉంది కదా! వలంటీర్లు మాత్రం పని వదల్లేదు. 2024లో 4.0 వెర్షన్ తెచ్చి, 1980ల నాటి మ్యాక్‌లు కూడా మళ్లీ ఫైళ్లు పంచుకునేలా చేశారు.

శ్రద్ధ ఉంటే చాలదు, తీరిక కూడా కావాలి. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి కోడ్ చూసే మనిషి మీద, లోపం బయటపడిన రోజున ప్రపంచమంతా ఒత్తిడి పెడుతుంది. ఆ అలసటే దుండగులకు దారి. ఫైళ్లను కుదించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ విషయంలో 2024 మార్చిలో బయటపడిన వ్యవహారంలో జరిగిందదే. ఒంటరిగా నెట్టుకొస్తున్న నిర్వాహకుడికి సాయం చేస్తున్నట్టు నటించి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి కోడ్ చొప్పించారు.

డబ్బు అందితే ఏం మారుతుందో సాంబా చూపిస్తోంది. విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకోవడానికి లినక్స్ సర్వర్లలో వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసిన వానాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. అది విండోస్‌లోని లోపం. రెండు వారాలు తిరగకముందే సాంబాలోనూ 2010 నుంచి ఉన్న ఒక ప్రమాదకర లోపాన్ని ప్రకటించారు, అదే రోజు సవరణా ఇచ్చారు. సాంబా కోసం పనిచేసేవారిలో పలువురికి కంపెనీలు జీతాలిస్తున్నాయి. జర్మనీ ప్రభుత్వ నిధి సావరిన్ టెక్ ఫండ్ 2024లో దానికి 6,88,800 యూరోలు కేటాయించింది. మన దేశంలో స్టాక్ బ్రోకరేజీ సంస్థ జెరోధా అదే ఏడాది ఇలాంటి ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు ఇస్తామంటూ నిధి ప్రారంభించింది. మన ప్రభుత్వాలు కూడా ఆ బాట పట్టాలి.

పెట్టెలు వాడుతున్నవారు చేయాల్సిన పనీ ఉంది. ఫైళ్లు పంచుకోవడానికి నెటాటాక్ వాడేది ఏఎఫ్‌పీ అనే పద్ధతిని; యాపిల్ 2013లోనే తన ఆ పాత పద్ధతిని పక్కనబెట్టి, సాంబా వాడే ఎస్‌ఎంబీ పద్ధతికి మారింది. మీ ఆఫీసులో మరీ పాత మ్యాక్‌లు లేకపోతే పెట్టె సెట్టింగ్స్‌లో ఏఎఫ్‌పీని ఆపేయండి. పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచొద్దు. అప్‌డేట్లు రావడం ఆగిపోయిన మోడల్ అయితే మార్చేయండి.

ఏ ఉత్పత్తిలో ఏయే సాఫ్ట్‌వేర్ భాగాలున్నాయో జాబితా ఇవ్వడంపై కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలు సర్వర్లు, స్టోరేజ్ పెట్టెలు కొనే ప్రతి టెండరులో ఆ జాబితాను తప్పనిసరి చేయాలి. అందులోని ఉచిత సాఫ్ట్‌వేర్ నిర్వహణకు అమ్మేవాడు ఏటా ఎంత ఇస్తున్నాడో, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తాడో రాతపూర్వకంగా అడగాలి.