పాడేది పాడవుతుంది

లక్షలు పోసి కొన్న ఆడియో సెట్లు నాలుగు కాలాలపాటు నిలబడటం లేదని కొందరు గొణుగుతున్నారు. వీళ్లకు సంగీతం సంగతి తెలియదు, లక్షల సంగతి అసలే తెలియదు. నమ్మకంగా పనిచేయడం కుక్కరు లక్షణం. సీలింగ్ ఫ్యాను లక్షణం. గొప్ప విద్వాంసుడు పిలవగానే వచ్చి కూర్చుని పాడేస్తాడా? గొంతు పట్టేసిందంటాడు, హాలు గాలి పడలేదంటాడు, మిరియాల పాలు తెమ్మంటాడు. నాలుగున్నర లక్షల యాంప్లిఫయర్‌కు ఆ మాత్రం అభిమానం ఉండకూడదా?

ఈ జ్ఞానం నాకు విజయవాడలో మా బావగారి మేడమీద గదిలో కలిగింది. ఆయనది క్లాస్-ఏ యాంప్లిఫయర్. ఈ పద్ధతి పెళ్లివారి గాడిపొయ్యి లాంటిది. భోజనానికి వంద మంది వచ్చినా, ఒక్కడూ రాకపోయినా పూర్తి మంట మీద మండుతూనే ఉండాలి. పాట ఉన్నా లేకపోయినా అది గోడలోంచి 200 వాట్లకు పైగా లాగుతుంది. స్పీకర్లకు ఇచ్చేది మహా అయితే ఒక్కోదానికి 30. మిగతాదంతా వేడి. చలిదేశంలో అయితే గది వెచ్చబడుతుంది, అదో లాభం. బావగారు కొన్నది మాత్రం రోహిణి కార్తెలో.

లోపల కెపాసిటర్లుంటాయి, కరెంటును కాసేపు నిలవచేసే చిన్న డబ్బాలు. వాటిలోని ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లకో లెక్క ఉంది. బయటే 45 డిగ్రీలున్న ఊళ్లో ఆ లెక్క వెయ్యకపోవడం ఆరోగ్యానికి మంచిది. ఏసీ వేసుకోవచ్చు కదా అనకండి. ఏసీ రొదలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే నిశ్శబ్దం వినిపించదట. సగం డబ్బు ఆ నిశ్శబ్దానికే పోశారాయె. అందుకని బావగారు ఏసీ కట్టేసి, ఫ్యాను కట్టేసి, బనీను విప్పి, భుజాల మీద తడి తువ్వాలు కప్పుకుని వింటారు. అక్క మజ్జిగ గ్లాసు గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లిపోతుంది.

వాల్వు సెట్లు, అంటే పాత రేడియోల్లోలా గాజు ట్యూబులతో పాడేవి, కొన్నవాళ్ల అదృష్టం ఇంకో రకం. మొదటి 200 గంటలు మోగితే గానీ అసలు స్వరం బయటపడదని అమ్మేవాళ్లు చెబుతారు. రెండు మూడు వేల గంటలు తిరిగేసరికి పవర్ ట్యూబులు అలసిపోతాయి. పసితనానికీ ముసలితనానికీ మధ్య దొరికే ఆ కాస్త యౌవనంలోనే కరెంటు ఉండాలి, ఇంటాయన ఇంట్లో ఉండాలి, వంటింట్లో ఎవరూ మిక్సీ వెయ్యకూడదు. ఇలా మూడూ కుదిరే ముహూర్తాలు ఏడాదికెన్నో సిద్ధాంతిగారినే అడగాలి.

కరెంటంటే గుర్తొచ్చింది. జపాన్‌లో కొందరు శ్రోతలు, పక్కిళ్ల కరెంటు రొద తమ పాటలో కలవకూడదని, తమ ఒక్క ఇంటికోసం విడిగా స్తంభం పాతించి, దానిమీద సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకున్నారు. కథ కాదు, 2016లో అమెరికా పత్రిక వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ఈ వార్త బావగారి కంట పడకుండా అక్క ఇప్పటిదాకా కాపాడుకొస్తోంది. మీరూ చెప్పకండి.

ఇక రికార్డు ప్లేయరు. బావగారి తమ్ముడు డాలస్ నుంచి తెచ్చాడు, నేరుగా గోడ కరెంటుతో తిరిగే పాతరకం మోటారుది. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ఇది అందరికీ తెలిసిందే కనుక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. కానీ అక్కడ సెకనుకు 60 సార్లు ఊగే కరెంటు ఇక్కడ 50 సార్లే ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది గానీ ఊపును మార్చదు. మోటారేమో ఆ ఊపును బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 28 కూడా నిండకుండా తిరిగింది. సుశీల గారి పాట జలుబు చేసిన ఘంటసాల గారు పాడినట్టు వచ్చింది. బావగారు కళ్లు మూసుకుని, “ఇదోయ్ అనలాగ్ వెచ్చదనమంటే! సీడీల్లో దొరకమను” అన్నారు. ఎనిమిది నెలలు ఆ వెచ్చదనంలోనే గడిపారు. సంగీతం నేర్చుకుంటున్న పక్కింటి పిల్ల శ్రుతిపెట్టె పట్టుకొచ్చి, పాట మూడు స్వరస్థానాలు కిందికి ఉందని తేల్చింది. ఆ పిల్లకింకా చెవి కుదరలేదని బావగారు తీర్పిచ్చారు.

మొన్న శ్రావణంలో యాంప్లిఫయర్ లోపల టప్పుమంది. మూత తీస్తే బల్లి. వెచ్చగా ఉందని చేరి, పవర్ సప్లై బోర్డు మీద అడ్డంగా పడుకుంది పాపం. పంచాంగంలో బల్లి తలమీద పడితే ఏమిటో, భుజంమీద పడితే ఏమిటో ఉంది. కెపాసిటర్ మీద పడితే ఏమిటో లేదు. ఆ ఫలితం కంపెనీవాళ్లు చెప్పారు: 42 వేలు. వారంటీ ఉంది కదా అంటే, కీటకాల వల్ల కలిగే నష్టానికి వర్తించదన్నారు. బల్లి కీటకం కాదనీ, సరీసృపమనీ, పైగా కీటకాలను తిని పెట్టెను కాపాడే ప్రాణి అనీ బావగారు నాలుగు పేజీల మెయిలు పెట్టారు. మూడు వారాలు ఆలోచించి వాళ్లు “సరీసృపాలకు కూడా” అని ఒక ముక్క జవాబిచ్చారు. 38 కిలోల పెట్టె ముంబై బయల్దేరింది.

అది లేని ఆ రోజుల్లో వినాయక చవితి వచ్చింది. వీధి చివర పందిట్లో మైక్‌సెట్. ఆ యాంప్లిఫయర్‌ను పాతికేళ్లుగా ఎరుగుదును. ఆటో వెనకాల ఎగిరెగిరి పడుతూ వస్తుంది, వానలో తడుస్తుంది, జనరేటర్ మీద మోగుతుంది. కొమ్ము స్పీకర్లు రెండూ చింతచెట్టుకు కట్టేస్తారు. స్విచ్ వేస్తే మోగుతుంది. రేపూ మోగుతుంది. మోగుతుందో లేదోనన్న టెన్షన్ లేదు, మోగిందన్న ఆనందం లేదు. దాన్ని నమ్ముకుని బతికే కుర్రాడికి సోల్డరింగ్ తప్ప ఇంకేమీ రాదు. నిశ్శబ్దం ఎంత లోతుగా ఉందని అడిగితే కరెంటు పోయిందా అని అడిగాడు.

కార్తీకంలో పెట్టె తిరిగొచ్చింది. చూద్దామని వెళ్లాను. కెపాసిటర్లన్నీ కొత్తవి, వెనక సందులకు సన్నజాలీ, పైన అక్క పాత పట్టుచీర చెంగు.

“ఎలా ఉంది బావగారూ?”

“అద్భుతం. ఒక్క లోపం లేదు.”

“అయితే ఏదైనా పెట్టండి.”

ఆయన నావంక జాలిగా చూశారు. “ఇప్పుడు బాగుంది కదటోయ్. పెడితే పాడైపోదూ?” అని, అక్కను కేకేసి స్టీలు గ్లాసు తెప్పించి, అందులో ఫోను నిలబెట్టి పాట పెట్టారు.