మాత్ర కంటే ముందు ఆ నీరు తీయండి

సోంపేట దగ్గర ఉండే మా పిన్నికి విశాఖపట్నంలో మోకాలి మార్పిడి చేశారు. పదిహేనో రోజున ఫోన్ చేస్తే, "కుట్టు కాడ కాస్త తడొత్తంది బాబూ, అంతే" అంది. ఊళ్లో ఆర్‌ఎంపీ రోజూ కట్టు మార్చి యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. వాడినన్నాళ్లూ తడి ఆగేది, మానగానే మళ్లీ మొదలయ్యేది. అలా మూడు నెలలు గడిచాక పెట్టిన కీలు మొత్తం తీసేయాల్సి వచ్చింది.

ఆర్‌ఎంపీని తిట్టి ప్రయోజనం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆయనే. మాత్ర ఎప్పుడు వేయాలో ఆయనకు ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

లోహం మీద చేరిన సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుంటాయి. మందుకు విడిగా తిరిగేవి చస్తాయి, కట్టు ఆరుతుంది, నయమైందనుకుంటాం. పొర చాటున ఉన్నవి అలాగే బతుకుతాయి. లక్షణాలు కనిపించిన మూడు నాలుగు వారాల్లోపు కీలు తెరిచి శుభ్రంగా కడిగి, మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క మారిస్తే లోహాన్ని నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటితే చాలామందికి రెండు దశల రివిజనే గతి. పాత కీలు తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, ఇన్‌ఫెక్షన్ తగ్గిందనుకున్నాకే కొత్తది అమరుస్తారు.

ఏ క్రిమో తెలియకపోతే ఇంత చేసినా గుడ్డి వైద్యమే. రోగికి జ్వరం, ప్రాణాపాయం లేనప్పుడు మాత్రకు ముందే కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు, అంటే అందులోని క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షకు పంపాలి. ముందే మందు పడితే అందులో ఏమీ మొలవకపోవచ్చు. కొన్ని క్రిములు మరీ నెమ్మది, 14 రోజులు ఉంచితే గానీ బయటపడవు. మూడో రోజు వచ్చిన 'ఏమీ లేదు' రిపోర్టు చూసి ఊపిరి పీల్చుకోకూడదు.

ఉద్దానంలో ఇది మరీ కీలకం. కిడ్నీ జబ్బు ఇంటింటి కథ అయిన చోట కిడ్నీలకు భారమయ్యే వాంకోమైసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లను, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసుకుంటూ కొలిచి ఇవ్వాలి. ఏ మందు పనిచేస్తుందో ముందే తెలిస్తే అనవసరపు భారం తప్పుతుంది.

ఖర్చూ తక్కువేం కాదు. 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి రూ.54,720, రివిజన్‌కు రూ.1,13,950 అని నిర్ణయించింది. పన్నులు, రెండు ఆపరేషన్లు, మంచాన పడ్డ నెలల కూలి అదనం.

శ్రీకాకుళం, విజయనగరం బోధనాసుపత్రుల్లో ఏ రోజు వెళ్లినా కీలు నీరు తీసి, కల్చర్‌ను 14 రోజులు ఉంచే ఏర్పాటు ఉండాలి. ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మీద ఈ మాటలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయాలి: 'కుట్టు నుంచి తడి వస్తే మాత్ర వేసుకోకండి, ఆ రోజే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' మా పిన్ని తన కాగితాన్ని మడత నలగకుండా బియ్యం డబ్బా కింద దాచుకుంది. అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు.