సవరణ: పాస్‌వర్డ్ గడువు, నకిలీ మెయిళ్ల పరీక్ష గురించి

ఉద్యోగుల్లో భద్రతా స్పృహ పెంచడంపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో, ప్రతి 90 రోజులకూ పాస్‌వర్డ్‌ను తప్పనిసరిగా మార్పించాలనీ, నకిలీ మెయిళ్ల పరీక్షలో (ఉద్యోగులు మోసపోతారో లేదో చూడటానికి సంస్థే మోసపు మెయిల్‌లాంటిది పంపే పరీక్ష) లింకు నొక్కినవారి పేర్లను విభాగమంతటికీ తెలియజేయాలనీ సూచించాను. ఈ రెండు సూచనలూ సరైనవి కావు, వాటిని ఉపసంహరించుకుంటున్నాను.

మొదటిదాని విషయంలో, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో వెలువరించిన 800-63బి మార్గదర్శకాలు, గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని సూచిస్తూ, అది బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడు మాత్రం తప్పక మార్పించాలని చెప్పాయి. గడువు తరుముకొస్తే మనిషి పాత పాస్‌వర్డ్ చివరనున్న 1ని 2 చేసి ఊరుకుంటాడు. పాతది తెలిసిన దొంగకు కొత్తది కనిపెట్టడం కష్టం కాదు. లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో సరిచూడటం, రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటిది అడగడం) పెట్టడం ఇంతకంటే మేలు.

రెండో పొరపాటు నన్ను ఎక్కువగా బాధిస్తోంది. నిజమైన దాడిలో లింకు నొక్కి, తెరుచుకున్న పేజీలో పాస్‌వర్డ్ కూడా ఇచ్చేసిన ఉద్యోగి ఆ మరుక్షణమే ఫోన్ చేస్తే, భద్రతా బృందం ఆ ఖాతా సెషన్లన్నిటినీ (తెరిచి ఉన్న లాగిన్‌లను) రద్దు చేసి, పాస్‌వర్డ్ మార్పించి, అదే మెయిల్‌ను మిగతావారి ఇన్‌బాక్సుల నుంచి తొలగించగలదు. పేరు బయటపెడతారన్న భయం ఉన్నచోట అతను ఆ విండో మూసేసి, సాయంత్రం దాకా నోరు మెదపడు. ఆ గంటలన్నీ దాడి చేసినవాడికే దక్కుతాయి. కాబట్టి పరీక్షలో నొక్కినవారి సంఖ్యతో పాటు, ఎంతమంది తెలియజేశారో, మొదటి ఫిర్యాదు ఎన్ని నిమిషాల్లో వచ్చిందో కొలవాలి. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. నా సూచన చూసి ఎవరైనా పేర్ల జాబితా ప్రకటించి ఉంటే, దాన్ని వెంటనే తొలగించి, ఆ ఉద్యోగులతో విడిగా మాట్లాడాలని కోరుతున్నాను.